సేవయు, కృతజ్ఞతయు

రేపల్లెకు దక్షిణముగా సముద్రతీరమున నిజాంపట్టణమను రేవు కలదు. 1611వ సంవత్సరమున 'గ్లోబు' అను ఇంగ్లీషు వర్తకుల ఓడ ఈ తీరమునకు వచ్చి లంగరు దించెను. వచ్చినవారికి కావలసినది నూలుబట్ట. మన సాలెలు నేసిన బట్టలకును, అద్దకపు పనికిని తూర్పుదీవులలో ఆనాడు గిరాకి మెండు. వర్తకులు కొనుటకు వచ్చిరి, కొనిరి, పోయిరి, మరల వచ్చిరి, కడపట దేశమునే చేజిక్కించుకొనిరి. ఈ కథ చరిత్ర పుస్తకములలో కలదు గనుక విస్తరింప బనిలేదు.

అయితే ఆ సముద్రము మీదుగనే, మూడువందల యేండ్లు నిండకమునుపే, వేరొక విధమువారు వచ్చుటకు మొదలిడిరి. వీరు కొనుటకు రాలేదు, ఏలుటకును రాలేదు. రోగులకు మందిచ్చుటకు, బాలికలకు చదువు చెప్పుటకు, దిక్కులేనివారికి నీడ చూపుటకు వచ్చిరి. వారిలో పెక్కుమంది తమ మతమును బోధింపవలెనను సంకల్పము గలవారు. ఆ సంకల్పమును గూర్చి నాడును నేడును అభిప్రాయభేదములు కలవు. అవి ఇచటి విషయము కావు. వారు మనకేమి చేసిరను లెక్కను పలువురు వేసియున్నారు. ఆసుపత్రులెన్ని, పాఠశాలలెన్ని యని పట్టికలు కూడ కలవు. మన పేదలు వారికేమి ఇచ్చిరను లెక్క వేసినవారు మాత్రము అరుదు. ఇచ్చుటకు పేదల యొద్ద ఏమున్నదని తోచుటయే దీనికి కారణము. కాని పేదలు ఇచ్చినది కలదు. అది చిన్నదియు కాదు.

కృతజ్ఞత యను మాటను కొంచెము విప్పి చూడవలెను. 'కృతము' అనగా చేయబడినది. 'జ్ఞ' అనగా ఎఱిగినవాడు. తనకు చేయబడిన మేలును ఎఱిగినవాడు కృతజ్ఞుడు. చేతులు జోడించుట, వందనములు చెప్పుట, కన్నులు చెమర్చుట, ఇవియన్నియు తరువాతి మాటలు. మొదటిది ఎఱుక. కావుననే మంచి హృదయము గలవాడు సైతము కృతజ్ఞుడు కాకపోవచ్చును. వాని లోపము హృదయమున లేదు, ఎఱుకలో కలదు. పుట్టినది మొదలు కుండ నిండ నీరుండుట చూచినవానికి, ఆ నీటిని ఎవరో మోసి తెచ్చిరని ఎట్లు తెలియును? కుండ ఒట్టిపోయిన యింట నాలుగు దినములున్నగాని తెలియదు. మానవుడు ఋణములతోనే పుట్టునని మన పెద్దలు చెప్పిరి. ఋణమున్నదని చెవితో వినుట వేరు, పత్రమును కన్నులార చూచుట వేరు. దూరదేశమున పేదల నడుమ సేవచేయుట ఆ పత్రమును విప్పి చదువుట వంటిది.

చదువకమునుపే తన ఋణమును గుర్తించినవారు లేకపోలేదు. ఆల్సేస్ ప్రాంతమునకు చెందిన ఆల్బర్ట్ ష్వైట్జర్ అట్టివాడు. 1896లో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, సెలవులకు ఇంటికి వచ్చిన ఒక ఉదయమున అతనికి ఒక ఆలోచన కలిగెను. తనకు ఆరోగ్యము, చదువు, సంగీతము, ప్రేమించు తల్లిదండ్రులు, అన్నియు లభించినవి; వీనిని ఊరక లభించిన సొమ్ముగా భావించుట తగునా యని అతడు తన్ను తాను ప్రశ్నించుకొనెను. ముప్పది యేండ్లు వచ్చువరకు విద్యకును కళకును, అటుపిమ్మట మానవసేవకును జీవితమును వినియోగింతునని ఆనాడే నిశ్చయించుకొనెను. అన్నమాట ప్రకారము ముప్పదవ యేట వైద్యవిద్యలో చేరి, 1913లో ఆఫ్రికాలోని లాంబరేనెకు పోయి ఆసుపత్రి పెట్టెను. 1965లో అచటనే కన్నుమూసెను. అతనియందు కృతజ్ఞత ముందు, సేవ వెనుక. లోకములో ఎక్కువమంది విషయమున ఇది తారుమారుగా జరుగును: ఏదో ఉత్సాహముతో సేవకు పోవుదురు, కృతజ్ఞత అచట నేర్చుకొందురు. ఎట్లు నేర్చుకొందురో చూచుటకు ఆఫ్రికా పోనక్కరలేదు, గుంటూరు చాలును.

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును 2022 వరకు గుంటూరు జిల్లాలోనివే. ఆ సంవత్సరమున బాపట్ల ప్రత్యేక జిల్లా యై, రేపల్లె దానిలో చేరినది. పూర్వము ఈ ఊళ్లన్నిటికిని పెద్ద వైద్యమనగా గుంటూరే. అచటికి 1883లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునుండి అన్నా సారా కుగ్లర్ అను యువతి వచ్చెను. ఆమె వైద్యశాస్త్రమున పట్టము పొందినది. కాని పంపినవారు ఆమెను వైద్యురాలిగా గాక ఉపాధ్యాయినిగా నియమించిరి. వైద్యురాలిని పంపవలసిన అవసరము వారికి అప్పటికి బోధపడలేదు. అవసరమెంతయో ఇచటి స్త్రీలకు తెలియును. పురుషవైద్యుని ముందునకు వచ్చుటకు సిగ్గుపడి, ప్రసవవేదనలో ప్రాణములు విడిచినవారు నాడు ఎందరో! కుగ్లర్ రెండేండ్లపాటు పాఠములు చెప్పుచునే, అడిగినవారికి మందులిచ్చుచు వచ్చెను. 1885 చివర గాని ఆమెకు వైద్యసేవకై అనుమతి రాలేదు. 1886లో చిన్న మందులశాల, 1898లో ఆసుపత్రి వెలసినవి. నలువదియేడు సంవత్సరముల అనుబంధము పిమ్మట ఆమె 1930లో గుంటూరుననే మరణించెను.

ఇట్టివారి తొలి దినములను కొంచెము ఊహించుకొనవలెను. స్వదేశమున పట్టము పొందిన వైద్యురాలు, పరదేశమున కాలు మోపిన దినమున శిశువుతో సమానము. దాహమైన నీరడుగుటకు మాట రాదు. ఏ వేళ బయటికి పోరాదో, ఏ నూతి నీరు త్రాగదగినదో, ఏ పురుగు కుట్టిన ప్రమాదమో తెలియదు. వీనిని నేర్పువారెవరు? నీళ్లు మోయునది, వంట చేయునది, బండి తోలువాడు, పురుటింట నిలిచిన ముసలి మంత్రసాని. మాట తప్పు పలికిన నవ్వి, మరల పలికించువారు వీరే. తనకు అక్షరములు నేర్పిన గురువును మఱచువారుందురేమో గాని, పెద్దవయస్సున ఆకలి, నొప్పి, నీరు అను మాటలు నేర్పినవారిని ఎవరును మఱువలేరు. స్వదేశమున సేవ చేయువాడు తన ఊరి పలుకుబడిని, తన కులగౌరవమును, తన చదువును వెంట తీసికొనిపోవును. ఎంత వంగినను మెట్టు పైననే నిలుచును. పరదేశమున ఆ మెట్టు కాలిక్రింద నుండి జారిపోవును. ఇచ్చుటకు వచ్చినవాడు ముందుగా పుచ్చుకొనవలసి వచ్చును. దూరదేశసేవలోని గుట్టంతయు ఇందే కలదు.

ఆ కృతజ్ఞత ఎదుటివారిలోను కదలిక పుట్టించినది. కుగ్లర్ చికిత్సవలన తన కుటుంబమున మేలు పొందిన ఏలూరు రాజా భుజంగరావు బహద్దరుగారు ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రము కట్టించిరి. రోగుల వెంట వచ్చు బంధువులు ఎండలో, వానలో చెట్లక్రింద పడియుండకుండ తలదాచుకొనుటకు అది ఏర్పడినది. ఆయన వైద్యురాలికి కానుకలిచ్చి ఊరకుండవచ్చును. అట్లు చేయక, ముక్కుమొగము తెలియని పల్లెటూరివారికి ఆ ఋణము తీర్చిరి. మేలు చేసినవారికే తిరిగి చెల్లించుట వర్తకపు పద్ధతి; అది తప్పు కాదు గాని, దానితో లెక్క ముగిసిపోవును. ఇది ముగిసిపోని లెక్క.

1920లో అదే గుంటూరునకు ఆస్ట్రేలియానుండి మేరీ గ్లోరీ యను వైద్యురాలు వచ్చెను. మెల్బోర్ను నగరమున నేత్రవైద్యమున పేరును ఆదాయమును గడించిన ఆమె, అవన్నియు విడిచి, సన్న్యాసినియై ముప్పదియేడు సంవత్సరములు మన దేశమున పనిచేసెను. చిన్న మందులశాలను ఆసుపత్రిగా పెంచెను. ఇచటి యువతులకు రోగిసేవను, మంత్రసానితనమును నేర్పించెను. ఆమె 1957లో బెంగుళూరున మరణించెను. కాలమంతయు గడుపుటకు వచ్చినదానికిని, కాలక్షేపమునకు వచ్చినదానికిని గల తారతమ్యము ఇట్టి జీవితములలో కనబడును.

ఈ తారతమ్యమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నేటి కాలమున పది దినముల సెలవులో పేదదేశములకు పోయి, ఒక గోడకు సున్నము వేసి, పిల్లల నడుమ నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొని మరలివచ్చువారు పెక్కుమంది. వచ్చి, "మన స్థితి ఎంత మేలో అచటికి పోయినగాని తెలియలేదు" అందురు. వారి మాటలో అసత్యము లేదు. అయినను అది కృతజ్ఞత కాదు, ఊరట. పొరుగింట నిప్పంటుకొన్నపుడు తన యిల్లు నిలిచినందుకు కలుగు సంతోషము వంటిది. దానికి ఎదుటివాని పేదరికము నిలిచియుండుటయే ఆధారము. ఆ పేదవాడు రేపు బాగుపడెనా, ఈ సంతోషమునకు ఆధారమే లేకుండపోవును. నిజమైన కృతజ్ఞత పేదవానిని చూచి, "వానికంటె మేలుగా నున్నాను" అని తలంపదు. "వానికి బాకీ పడితిని" అని తలంచును.

సేవలో అధికారము కలిసినపుడు ఏమగునో బాపట్లకు సమీపమున గల స్టూవర్టుపురము చెప్పగలదు. బాపట్లకును చీరాలకును నడుమ గల ఈ ఊరు 1910ల దశకమున ఎరుకల కుటుంబములకై ఏర్పడినది. మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారి యగు సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టిరి. నాటి ప్రభుత్వము కొన్ని జాతులను పుట్టుకచేతనే నేరస్థులని చట్టము చేసి, వారిని ఒకచోట నిలిపి, ఆ కాపుదలను సాల్వేషన్ ఆర్మీ అను విదేశ సంస్థకు అప్పగించెను. ఆ సంస్థలో స్వసుఖమును విడిచి పనిచేసినవారు ఎందరో కలరు. భారతదేశమునకు దానిని తెచ్చిన బూత్ టక్కరు, పెద్ద ఉద్యోగమును వదలుకొని, కాషాయవస్త్రము ధరించి, 'ఫకీరు సింగు' అని పేరు పెట్టుకొని తిరిగినవాడు. ఐనను స్టూవర్టుపురములో నివసించినవారు తమంత తాము వచ్చినవారు కారు. హాజరు చెప్పవలెను, అనుమతి లేక ఊరు దాటరాదు. భూమి ఇచ్చిన చేయియే తలుపు గడియ కూడ వేయుచుండెను. అట్టిచోట, "మీకింత చేసితిమి, మీకు కృతజ్ఞత లేదు" అనుట అన్యాయము. తాళము వేసిన గదిలో పెట్టిన అన్నమునకు వందనములు ఆశింపరాదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ చట్టము రద్దయినది గాని, ఆ మచ్చ మాత్రము చాలకాలము నిలిచినది.

1970ల దశకమున ఆ ఊరికి హేమలతాలవణముగారు పోయిరి. ఈమె మహాకవి గుఱ్ఱము జాషువగారి కుమార్తె, గోరాగారి కోడలు. చేత కఱ్ఱ లేదు, వెనుక పోలీసు లేరు. అంటరానితనపు బాధ ఎట్టిదో తండ్రి జీవితమునుండి ఎఱిగిన ఆమెకు, పుట్టుకతోనే దొంగ యని పిలువబడు పిల్లవాని బాధ క్రొత్తది కాదు. భర్త లవణముగారితో కలిసి ఆ కుటుంబముల నడుమ పనిచేసి, నేరవృత్తి మానినవారికి వేరు జీవనము చూపుటకై కృషి చేసిరి. ఆమె దాటినది సముద్రము కాదు. సముద్రముకంటె లోతైనది మరొకటి మన యూళ్ల నడుమనే కలదు. వాడకును వాడకును మధ్య గలది. అందుచేత 'పరదేశసేవ' యను మాటలో పరదేశము ఎచట మొదలగునో పటము చూచి చెప్పుట కష్టము.

దూరమునుండి వచ్చి చెమటోడ్చినవారి ప్రస్తావన వచ్చినది గనుక పియెర్ సెరెసోలును తలపవలెను. స్విట్జర్లాండు అధ్యక్షుడుగా నుండిన వాని కుమారుడు, ఇంజనీరు. తండ్రినుండి వచ్చిన ఆస్తిని ప్రభుత్వమునకే ఇచ్చివేసి, 1920లో ఫ్రాన్సులో యుద్ధమువలన కూలిన గ్రామమును తిరిగి కట్టుటకై వివిధ దేశముల యువకులను పోగుచేసినవాడు. 1934 జనవరిలో బీహారున భూకంపము రాగా, తోడివారితో అచటికి వచ్చి, వరదకు లోబడు పల్లెలవారికి మిట్టమీద క్రొత్త ఊళ్లు కట్టు పనిలో స్వయముగా మట్టి త్రవ్వెను. దొరలు పార పట్టుట చూడని దేశమున అది వింతయే.

ఆ వింతను కృష్ణాతీరమువారు కూడ చూచిరి. 1969లో తుపాను వచ్చి కోస్తా పల్లెలను నేలమట్టము చేసిన పిమ్మట, బెల్జియము దేశస్థుడైన మైకేల్ విండీ యను క్రైస్తవ గురువు గుంటూరు కేంద్రముగా గ్రామ పునర్నిర్మాణ సంస్థను స్థాపించెను. యూరపునుండి విద్యార్థులు వచ్చి, గ్రామస్థులతో కలిసి ఇండ్లు కట్టిరి. అటుపిమ్మట 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను గూర్చి ఈ ప్రాంతమున చెప్పనక్కరలేదు. దివిసీమను ముంచిన ఆ సముద్రము రేపల్లె, బాపట్ల తీరములను కూడ విడువలేదు. మృతులు సుమారు పదివేలని ప్రభుత్వపు లెక్క; అంతకు మించియుందురని పలువురి మాట. ఇండ్లు పోయినవి, గొడ్లు పోయినవి, నూతులన్నియు ఉప్పునీటితో నిండిపోయినవి.

అట్టిచోట పనికి వచ్చిన పరదేశపు యువకుడు ఏమి చూచియుండును? తాను గోడకు ఇటుక అందించుచుండగా, ఆ గోడ ఎవరిదో ఆ మనిషి తనకంటె ముందుగా లేచి, తనకంటె ఎక్కువ మోయుట చూచును. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి, అన్నము పెట్టునపుడు ఈ పరాయిబిడ్డ కంచములో రెండవమారు వడ్డించుట చూచును. మన పల్లెలలో అతిథికి ముందు నీళ్లిచ్చి, పిదప యోగక్షేమము అడుగుట వాడుక. ఆ నీటిని ఎంత దూరమునుండి తెచ్చిరో ఎవరును చెప్పరు. చెప్పకపోవుటవలననే అతడు ఒకనాడు ఆ కడవ వెంట నడచి పోవును. తిరిగి తన దేశమునకు పోయిన పిమ్మట, కుళాయి త్రిప్పినపుడెల్ల ఆ నడక వానికి జ్ఞప్తికి వచ్చిన వింత యేమి?

నీటి మాటకే వచ్చిన, తెనాలివారి స్థితి ఆలోచింపదగినది. మూడు కాలువలు పారుచున్న ఆ పట్టణమును 'ఆంధ్రా ప్యారిస్' అని ముద్దుగా పిలుతురు. చుట్టును పచ్చని మాగాణి. ఈ పచ్చదనము అనాదిగా నున్నదని పిల్లలు తలంతురు. 1832, 1833 సంవత్సరములలో ఇదే సీమను డొక్కల కరవు పీడించినది. మనుష్యుల డొక్కలు వెలికి కనబడుటచే దానికా పేరు కలిగినది. గుంటూరు సీమ జనములో మూడవ వంతుకు తక్కువగాక నశించిరని చెప్పుదురు. కృష్ణ నిండుగ సముద్రములోనికి పోవుచుండగనే ఒడ్డునున్నవారు ఆకలితో మడిసిరి. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియై, కాలువలు సాగిన పిమ్మటనే ఈ సీమకు వరియన్నము స్థిరపడినది. ఆర్థర్ కాటన్ దొరను, ఆనకట్ట కట్టించిన కెప్టెను ఆర్ దొరను తలంచుట తగినదే. కాలువలు త్రవ్విన ఉప్పరులు, ఒడ్డెరలు ఎవరు? వారి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు. తెనాలిలో నీరు నిండిన కాలువగట్టున నిలిచిన బాలునికి ఈ సంగతి పుస్తకమువలన తెలియును. మఱునాటి పరీక్షతో మఱపునకు వచ్చును.

ఆ కాలువల నీరు చివరివరకు సమానముగ చేరదు. తీరమునకు చేరువైనకొలది నేల చౌడు, నూతులు ఉప్పన. మంచినీటికై ఎదురుచూచు పల్లెలు ఆ వైపున ఉండుట తెనాలి వీధులలో తిరుగువారికి స్ఫురింపదు. తెనాలినుండి, బాపట్లనుండి చదువుకై అమెరికా, ఆస్ట్రేలియాలకు పోయిన యువకులు నేడు వేలసంఖ్యలో కలరు. వారిలో కొందరు అచటి సేవాసంఘములలో చేరి, పేదలకు ఆహారము వండిపెట్టుచున్నారు. కొందరు సెలవులకు వచ్చినపుడు తమ ఊరి బడికి బల్లలు కొనియిచ్చుచున్నారు. ఇది మెచ్చదగిన పని. బల్లలు కొనిచ్చి మరునాడే విమానమెక్కుటకంటె, ఆ బల్లలపై కూర్చుండు పిల్లలలో ఒకని యింట ఒక పూట భోజనము చేసిన ఇంకను మేలు. వాని తల్లి ఏ వేళకు లేచునో, నీరు ఎచటినుండి తెచ్చునో ఆ పూటతో కొంత తెలియును.

తెనాలినుండి రేపల్లెకు రైలుమార్గము కలదు. పొలముల నడుమనుండి పోయి, రేపల్లె స్టేషనుతో ఆ పట్టాలు ముగియును. అచటినుండి నిజాంపట్టణము వైపు తీరపు పల్లెలకు బస్సు దొరకును.